బీభత్సమునుండి భయానకము - ‘టెరిఫయర్ 3’ చిత్రమున రసవిచారము

శృంగారమునుండి హాస్యము, రౌద్రమునుండి కరుణము, వీరమునుండి అద్భుతము, బీభత్సమునుండి భయానకము కలుగునని భరతముని నిర్దేశించెను. ఈ నాలుగు జంటలలో కడపటిదానిని పరీక్షించుటకు మన కావ్యములలో అవకాశము తక్కువ. బీభత్సము యుద్ధవర్ణనకు అంగమై నాలుగు పద్యములతో ముగియునే గాని అంగిరసమై నిలుచుట అరుదు. ఒక రచన ఆద్యంతము జుగుప్సనే ఆశ్రయించినచో ఏమి సంభవించును? దీనికి ఉదాహరణము సాహిత్యమున గాక అమెరికా చలనచిత్రమున లభించినది. ఇట్టి చిత్రము విశ్వవిద్యాలయ పత్రికలో చర్చకు తగునా యని కొందరు శంకింపవచ్చును. లక్షణము సరియైనదో కాదో ఉత్తమలక్ష్యములవలననే గాక హీనలక్ష్యములవలనను తెలియును.

డేమియన్ లియోన్ రచించి దర్శకత్వము వహించిన ‘టెరిఫయర్ 3’ 2024 అక్టోబరులో విడుదలయ్యెను. 2016, 2022 సంవత్సరములలో వచ్చిన చిత్రములకు ఇది కొనసాగింపు. సుమారు 20 లక్షల డాలర్లతో నిర్మింపబడి 8 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించినది. ఫ్రాన్సులో 18 ఏండ్లలోపువారికి దీనిని నిషేధించిరి. క్రిస్మస్ పండుగను హత్యాకథకు రంగముగ జేయుట కొత్తగాదు. 1974 నాటి ‘బ్లాక్ క్రిస్మస్’ అట్టిదే. 1984లో క్రిస్మస్ తాత వేషమున హంతకుని చూపిన చిత్రముపై తల్లిదండ్రులు ఆందోళన చేసిరి.

ఇందలి హంతకుడు ఆర్ట్ అను బఫూను. తెల్లనిముఖము, నల్లనిపెదవులు, చిన్నటోపి. డేవిడ్ హోవర్డ్ థార్న్‌టన్ అభినయించిన ఈ పాత్ర ఒక్క మాటయు పలుకదు. మన విదూషకుడు మాటలప్రోగు, ఇతడు మూగ. అయినను వికృతవేషము ఇరువురకును సమానమే. భరతుడు హాస్యమునకు విభావముగ చెప్పిన ఆ వేషమే ఇచ్చట భయమునకు విభావమైనది. దానిపై క్రిస్మస్ తాత వేషము చేరినది. తాత పిలువకయే రాత్రివేళ ఇంటిలోనికి రాదగిన అతిథి. ఆతనికై పిల్లలు ఎదురుచూతురు. ప్రారంభదృశ్యమున చప్పుడు విన్న బాలిక తాత వచ్చెననియే తలచును. వచ్చినవాని సంచిలో గొడ్డలి యున్నది. ఆ బాలిక సంతోషమే మన భయమునకు ఆధారము. అప్పటికి నెత్తుటిబొట్టైనను చిందలేదు.

బీభత్సమున క్షోభజము, ఉద్వేగి యను భేదములు చెప్పబడినవి. రుధిరము, ప్రేవులు మొదలగువాటివలన కలుగునది మొదటిది. మలము, పురుగులవలన కలుగునది రెండవది. స్నానశాలలో రంపముతో ఇరువురను చీల్చు దృశ్యము క్షోభజమునకు పరాకాష్ఠ. కాని అచ్చట ప్రేక్షకునికి భయము కలుగదు. కృత్రిమాంగముల నిర్మాణనైపుణ్యమును చూచి ఆశ్చర్యపడును, లేక నవ్వును. బీభత్సము భయానకమును కనక అద్భుతహాస్యములను కనినది! సియెన్నా పినతల్లి గొంతులో గొట్టముంచి ఎలుకలను విడుచు దృశ్యము ఉద్వేగికి చెందినది. దానిని చూచి నవ్వుట కష్టము. అయినను కలుగునది వెగటే కాని భయము కాదు.

ఇట్లేల జరిగెను? తిక్కన సౌప్తికపర్వమును తలంచినచో కొంత బోధపడును. అశ్వత్థామ నిద్రించు శిబిరమున ప్రవేశించి ధృష్టద్యుమ్నుని శస్త్రమరణమునకైనను నోచుకొననీయక కాళ్లతో మట్టి చంపును, ద్రౌపదికొడుకులను వధించును. నెత్తురు అచ్చటను కొఱతలేదు. కాని ఆ నెత్తురువెనుక తండ్రిని కోల్పోయినవాని క్రోధము కలదు. దానివలన రౌద్రము నిలిచినది, రౌద్రమునుండి ద్రౌపది శోకము పుట్టినది. ఆర్ట్‌కు క్రోధమే లేదు. అతడు ఆడుకొనుచున్నాడు. హింస యున్నది, రౌద్రము లేదు. కావున కరుణమునకు తల్లి లేదు.

ఈ లోపమును దర్శకుడు గ్రహింపకపోలేదు. గతచిత్రమున బ్రతికి బయటపడిన సియెన్నా మానసిక చికిత్సాలయమునుండి బంధువులయింటికి వచ్చును. మరణించిన మిత్రులు ఆమె కన్నులకు కనబడుచుందురు. లారెన్ లావెరా ఈ వేదనను నిజముగనే అభినయించినది. కాని ఆ దుఃఖమునకును బఫూను ఆటకును సంబంధము కల్పించుటకై దయ్యములు, ముండ్లకిరీటము, దివ్యఖడ్గము తెచ్చిపెట్టిరి. కారణము చెప్పినకొలది బఫూను చిన్నవాడగుచున్నాడు. నా అభిప్రాయమున ఇది చిత్రమునకు నెత్తుటికంటె పెద్ద దోషము.

చిత్రమున ఉత్తమమైన ఘట్టము మద్యశాలలోనిది. తాత వేషమున కూర్చున్న వృద్ధుని చూచి ఆర్ట్ పసిపిల్లవానివలె పరవశించును. అచ్చటివారు నవ్వుదురు, మనమును నవ్వుదుము. ఆ నవ్వు ఎప్పుడు ఆగవలెనో తెలియదు. ఇచ్చట భయానకము హాస్యమునుండి పుట్టినది, బీభత్సమునుండి గాదు. హత్య ఆరంభమగుటతోనే అది సడలిపోయినది. వధను రంగమున ప్రత్యక్షముగ చూపరాదని దశరూపకకర్త విధించినది కేవలము మర్యాదకొరకే కాదేమో. చూపినచో భయము తీరిపోవునని కూడ ఆతడు ఎఱిగియుండవచ్చును. భరతుని వాక్యమును త్రోసివేయ నక్కరలేదు. బీభత్సమును చూచి భయపడు పాత్ర కథలో ఉండవలెనని, ఆ పాత్రద్వారముననే భయము మనకు చేరునని దానికి అర్థము చెప్పుకొనవచ్చును. రంపముదృశ్యమున అట్టి పాత్రకు నిలుచుటకు క్షణమైనను వ్యవధి లేదు. చివర చిన్నారి గ్యాబీ అగాధమున పడిపోవునప్పుడు సియెన్నా ఆమెను రక్షింపజూచును. ఆ ఒక్కచోట కరుణము తొంగిచూచినది.