జీను కట్టే చెయ్యి

కొండదారి మొదలయ్యే గౌరీకుండ్‌లో మనవాళ్లంతా కంచరగాడిద ధర బేరమాడుతుంటే, నేను జీను కట్టే కుర్రాడి చేతులు చూస్తూ ఉండిపోయాను. ముందు అరచేత్తో వీపంతా వెంట్రుక వాలుకి నిమిరాడు. ఇసుక నలుసొకటి తగిలితే దులిపేశాడు. కంబళి కింద అది ఉండిపోతే సాయంత్రానికి పుండే. కంచరగాడిద మూపు గుర్రానికిలా పొడుచుకు రాదు, బల్లలాంటి వెడల్పు వీపు మీద జీను ఇట్టే జారుతుంది. అందుకే ఎక్కుడుకి రొమ్ము పట్టీ, దిగుడుకి తోక కింద పట్టీ. పొట్ట పట్టీ లాగుతుంటే ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించింది, దొంగది! అతను నాలుగడుగులు నడిపించి, ఊపిరి వదలగానే ఇంకో రంధ్రం బిగించాడు. సుమారు 16 కిలోమీటర్ల దారిలో నాకు నేర్పింది రెండే మాటలు: ఎక్కుడులో ‘ఆగే’ అంటే ముందుకు వంగాలి, దిగుడులో ‘పీఛే’ అంటే వెనక్కి వాలాలి. ముందు వెళ్లే తెల్ల ఆడగుర్రం గంట వినిపిస్తే చాలు, మాది చెవులు నిక్కించి కదిలేది. మలుపులో అది కనబడకపోతే సగం సకిలింపు, సగం ఓండ్ర! వెనకాల ఓ కొండకుక్క, పిలవని చుట్టంలా. టీ కొట్టు దగ్గర ఆగగానే కుర్రాడు ముందు పొట్ట పట్టీ వదులు చేశాడు, తర్వాతే గ్లాసు అందుకున్నాడు.