బాలనాగమ్మ కథ: పెంచిన తల్లులు

ఇటీవల కోడేరులో ఒక మిత్రుని యింట పిల్లలకు బాలనాగమ్మ కథ చెప్పుచుండగా మేమును వింటిమి. కథ ముగియగానే, ఆ యింటికి దత్తు వచ్చిన చిన్నది “మరి పెద్దమ్మలేమైన్రు?” అని యడిగెను. చెప్పినవారికి సమాధానము తోచలేదు, మాకును తోచలేదు. ఈ విమర్శకు ఆ ప్రశ్నయే కారణము.

మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి కొనిపోవునాటికి ఆమె కుమారుడు పసివాడు. మేము వినిన పాఠమున వానిని పెంచినవారు పెద్దమ్మలు. పెరిగిన బాలవర్ధిరాజు తల్లిని వెదకుచు బయలుదేరును. పూలమ్ము తంబళి పెద్ది వానిని మనుమడని చేరదీయును. ఫకీరు ప్రాణము చిలుకలో నున్నదని యెరిగి, వానిని చంపి, తల్లిని విడిపించును. ధైర్యమును, మాతృభక్తిని పిల్లల కింత ఇంపుగా నందించు కథలు కొలదిగానే కలవు. 1942లో జెమినీవారు కాంచనమాల నాయికగా దీనిని చలనచిత్రముగా తీసిరి.

అయినను ఇందొక లోపము కలదు. పాలు పట్టి, జోల పాడి, నడక నేర్పిన పెద్దమ్మలను బాలుడు గడప దాటగానే కథ మరచును. పెంపకము నడుమ మజిలీ, రక్తబంధమే గమ్యము అన్నట్లు నడచును. మహాభారతమున అట్లు కాదు. ఉద్యోగపర్వమున కృష్ణుడు జన్మరహస్యము తెలిపి రాజ్యమును చూపినను, కర్ణుడు రాధాధిరథులను విడువనొల్లడు. అతడు చేరిన పక్షము అధర్మమైనను, ఈ మాట ధర్మమే.

పూర్వపు దత్తత సాధారణముగా పిండమునకు, ఆస్తికి కొడుకును తెచ్చుకొనుట. 1956 నాటి హిందూ దత్తత చట్టము ఆడుపిల్లను దత్తు చేసికొనుటకును దారి తెరచెను. దత్తు వచ్చిన బిడ్డను ఆ యింటి బిడ్డగానే యెంచెను. చట్టము చెప్పిన ఆ మాటను మన పిల్లల కథ యింకను చెప్పకున్నది.

కన్నతల్లిని వెదకుట తప్పని మేమనము. ఆ ఆరాటము సహజము. జన్మవృత్తాంతమును బిడ్డకు దాచుట పెంచినవారికి తగదు. మేము కోరునది ఒక్క ఘట్టము మాత్రమే: తల్లితో మరలివచ్చిన బాలవర్ధి ముందుగా పెద్దమ్మలకు మ్రొక్కవలెను, బాలనాగమ్మయు వారి చేతులు పట్టుకొని, “నా బిడ్డ మీ బిడ్డయే” యనవలెను.

గృహిణులారా, కథ చెప్పునపుడు ఈ ఘట్టమును చేర్చి చూడుడు. వినువారిలో పెంపుడు బిడ్డ యుండవచ్చును. లేకున్నను, రేపు పెంపుడు బిడ్డతో ఆడుకొనవలసిన బిడ్డ తప్పక యుండును.