రాళ్ళనడిగి కట్టుకున్న ఇళ్ళు

పోయినసారి మేం ఇల్లు మారినప్పుడు లారీలోకి ఎక్కించని సామాను ఒక్కటే. దేవుడి మందసం. అది నా ఒళ్ళో కూచుని ఆటోలో వచ్చింది. "బీరువా అద్దం పగిలినా ఫరవాలేదు గానీ, ఆ పెట్టె మాత్రం కదలకూడదు కాబోలు" అని నవ్వారు మావారు. నేనేం మాట్లాడలేదు. కొత్తింట్లో మూటలు విప్పుకుంటూ, మధ్యాహ్నాలు కాళ్ళు చాపుకుని చదివిన పుస్తకం ఒకటి నా బదులు ఆయనకి జవాబు చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, నన్ను కూడా ఒక ప్రశ్న అడిగింది. ఆ సంగతి మీతో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

పుస్తకం పేరు 'లాండ్నామబోక్'. నేలని చేపట్టిన వాళ్ళ పుస్తకం అని అర్థం చెప్పుకోవచ్చు. ఉత్తరాన మంచు సముద్రం పక్కనున్న ఐస్లాండుకి 870 ప్రాంతం నుంచి 930 దాకా నార్వే నుంచీ, బ్రిటిష్ దీవుల నుంచీ ఓడలెక్కి వచ్చి కాపురాలు పెట్టిన వాళ్ళ చిట్టా ఇది. 3,000కి పైగా మనుషుల పేర్లు, 1,400 దాకా ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్నాయట ఇందులో. 13వ శతాబ్దంలో స్టుర్లా తోర్దర్సన్ అనే పండితుడు కూర్చిన ప్రతిని హెర్మన్ పాల్సన్, పాల్ ఎడ్వర్డ్స్ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. అది 1972లో వచ్చింది.

నిజం చెప్పొద్దూ, మొదట్లో కరణంగారి అడంగల్ చదువుతున్నట్టే అనిపించింది. ఫలానా వాడి కొడుకు ఫలానా వాడు, ఈ వాగు మొదలు ఆ కొండ దాకా తీసుకున్నాడు. వాడి పక్కన ఇంకొకడు. విసుగేసి మూసేద్దామనుకుంటుండగా రెండు కొయ్య స్తంభాలు నన్ను పట్టి కూచోబెట్టాయి.

ఆ రోజుల్లో నార్వే వాళ్ళ ఇళ్ళల్లో ఇంటిపెద్ద కూచునే పీఠానికి అటొకటీ ఇటొకటీ స్తంభాలుండేవి. ఇంటి దైవం వాటిలో ఉంటాడని నమ్మకం. దేశం విడిచిపోయే వాడు ఇల్లు వదిలేసినా ఆ స్తంభాలు మాత్రం ఊడదీసి ఓడలో వేసుకునేవాడు. ఇంగోల్ఫ్ ఆర్నర్సన్ అనే ఆయన ఐస్లాండు కొండలు కంటబడగానే వాటిని సముద్రంలోకి తోసేశాడు. అవి ఎక్కడ ఒడ్డుకి చేరితే అక్కడే కాపురం అని మొక్కుకున్నాడు. తను మాత్రం వేరేచోట దిగాడు. స్తంభాలు వెతకమని ఇద్దరు బానిసల్ని పంపాడు. మూడు చలికాలాలు గడిచాయి. చివరికి అవి దొరికిన చోటే ఇల్లు కట్టాడు. ఆ చోటే ఇవాళ్టి రాజధాని రేక్యవిక్.

ఇక్కడే పుస్తకం చిన్న చమత్కారం చేసింది. స్తంభాలు కనిపెట్టిన బానిసల్లో కార్లీ అనేవాడు గొణిగాడట. ఇంత మంచి మంచి నేలలన్నీ దాటొచ్చి, చివరికి ఈ మూల ముక్కులో ఉండాలా మనం అని. గొణిగి ఊరుకోలేదు, ఒక దాసీపిల్లని వెంటబెట్టుకుని పారిపోయాడు. దేవుడు చూపించిన చోటు బాగులేదన్నవాడి మాట కూడా రాసిపెట్టుకున్న పుస్తకం మీద నాకు అప్పుడే గౌరవం పుట్టింది.

ఐర్బిగ్యా సాగా అనే ఇంకో పాత కథలో తోరోల్ఫ్ అనే ఆయన ఇంకాస్త గట్టి భక్తుడు. పిడుగుల దేవుడు తోర్ పూజారి. ఊరు విడిచేటప్పుడు గుడి కొయ్యలన్నీ విప్పుకుని, దేవుడి పీఠం కింద మట్టి కూడా తవ్వి ఓడకెత్తాడు. స్తంభాలు చేరిన చోట దిగి, తను తీసుకున్న నేల చుట్టూ నిప్పు పట్టుకు తిరిగాడు. దగ్గరున్న ఒక గుట్టకి పవిత్రపర్వతం అని పేరు పెట్టాడు. హెల్గఫెల్ అంటారు దాన్ని, ఎత్తు వంద మీటర్లు కూడా లేదు. మొహం కడుక్కోకుండా ఎవరూ దానికేసి చూడకూడదు. దానిమీద మనిషినీ పశువునీ చంపకూడదు. పోయాక తమ వాళ్ళంతా ఆ గుట్టలోకే వెళతారని నమ్మకం. ఊరి సభ జరిగే మైదానం కూడా అంత మడి. అక్కడ నెత్తురు చిందకూడదు, చెంబుకెళ్ళాలంటే సముద్రంలోని ఒక బండ మీదికే వెళ్ళాలి. ఆయన పోయాక పొరుగువాళ్ళకి రోషమొచ్చింది. అంత దూరం మేం నడవం, మాకు వీలైనచోటే వెళతాం అన్నారు. కత్తులు దూశారు. నెత్తురు పడి మైదానం మైలపడింది. సభని వేరేచోటికి మార్చుకోవలసొచ్చింది. మడిని కాపాడబోయి మైల తెచ్చుకున్న కథ అన్నమాట! సాగా దీన్ని నవ్వకుండా చెబుతుంది. నవ్వు మనకి వదిలేస్తుంది.

ఇంటి దేవుడు వెంట వచ్చాడు, బాగానే ఉంది. మరి అంతకుముందే ఆ నేలలో ఉన్న వాళ్ళ మాటేమిటి? లాండ్‌వెట్టిర్ అంటారు వాళ్ళని. మన మాటలో క్షేత్రపాలకులు అనుకోవచ్చు. రాళ్ళల్లో, గుట్టల్లో, జలపాతాల్లో ఉంటారు. నోరు తెరుచుకున్న మృగాల తలలు చెక్కిన ఓడలు నేల కనిపించకముందే ఆ తలలు తీసేయాలట, లేకపోతే వీళ్ళు బెదిరిపోతారు. ఆ దేశపు తొలి చట్టం ఈ మాటతోనే మొదలయ్యేదని ఇంకో ప్రతి చెబుతుంది. బ్యోర్న్ అనే పేదవాడి కలలోకి ఒక కొండరాతివాసి వచ్చి, పొత్తు పెట్టుకుందామా అని అడిగాడు. సరేనన్నాడు బ్యోర్న్. తర్వాత ఎక్కడినుంచో ఒక మేకపోతు వచ్చి వాడి మందలో కలిసింది. మంద పెరిగింది, వాడు షావుకారయ్యాడు. వాడు సభకి వెళుతుంటే వెనకాల క్షేత్రపాలకులంతా నడిచి వెళ్ళడం దివ్యదృష్టి ఉన్నవాళ్ళకి కనిపించేదట. ఈనాటికీ ఐస్లాండు రాజచిహ్నంలో డాలుకి నాలుగు వైపులా పక్షి, ఎద్దు, డ్రాగన్, కొండరాక్షసుడు కాపలా ఉంటారు. వాళ్ళూ ఈ బాపతు వాళ్ళే.

ఇంతవరకూ చదివి చాలా ముచ్చటపడ్డాను. ఖాళీ నేల మీదికి వచ్చి కూడా అడిగి దిగారు కదా, ఎంత మర్యాదస్థులు అనుకున్నాను. అప్పుడు వెనక్కి తిప్పి ఇంగోల్ఫ్ బావమరిది హ్యోర్లీఫ్ కథ మళ్ళీ చదివాను. ముచ్చట సగం దిగిపోయింది.

ఈ హ్యోర్లీఫ్ ఇంగోల్ఫ్‌తో పాటే వచ్చాడు. ఐర్లండులో దోచి పట్టుకొచ్చిన బానిసలున్నారు ఇతనికి. దేవుళ్ళకి బలివ్వడమంటే గిట్టదు. వసంతంలో పొలం దున్నాలి, ఉన్నది ఒకటే ఎద్దు. దాంతో బానిసల్ని నాగలికి కట్టాడు. వాళ్ళు ఎద్దుని చంపి, ఎలుగుబంటి చంపిందని అబద్ధం చెప్పారు. వెతకడానికి అడవిలోకి చెదిరిన యజమానినీ అతని మనుషుల్నీ ఒక్కొక్కరినే మట్టుబెట్టారు. తర్వాత ఇంగోల్ఫ్ వచ్చి శవాన్ని చూసి చెప్పిన తీర్పేమిటో తెలుసా? బలివ్వని వాడి గతి ఇంతేనని. మనుషుల్ని నాగలికి కట్టినవాడి గతి అని ఆయన అనలేదు. అసలు ఆయనకి తట్టనేలేదు.

కానీ పుస్తకానికి తట్టింది. ఆ ఒక్క ఎద్దు సంగతి రాయకపోయినా కథ నడిచేది. రాసింది. తీర్పు ఇంగోల్ఫ్ నోట పెట్టి, సాక్ష్యం మన చేతిలో పెట్టింది. ఈ గ్రంథంలో నేను చూసిన గొప్పతనం ఇదే. ఉత్త భక్తి పుస్తకమైతే ఎద్దుని దాచేసేది. ఇవాళ్టి వాళ్ళు రాస్తే ఎద్దు గురించి నాలుగు పేజీల ఉపన్యాసం ఉండేది. ఇక్కడ రెండూ లేవు. మనుషులున్నచోట కత్తి తీసుకువెళ్ళిన వాళ్ళు, మనుషులు లేనిచోట రాళ్ళని బతిమాలుకున్నారని ఏ వ్యాఖ్యానమూ లేకుండా తెలిసిపోతుంది.

మరి ఆడవాళ్ళో? మగవాడికైతే నిప్పు. పొద్దున్నించి మంటలు వేసుకుంటూ ఓడ మనుషులతో ఒక రోజులో ఎంత చుట్టి వస్తే అంత నేల. ఆడదానికైతే పెయ్య. ఏపుగా ఉన్న రెండేళ్ళ పెయ్యని పట్టుకుని, వసంతకాలపు రోజున పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా నడిచి ఎంత చుట్టగలిగితే అంతే. ఇది నిజంగా అమలైన చట్టమా అని పండితులకి అనుమానం. కానీ దారిలో మొగుడు పోయి, కొడుకులతో వచ్చి దిగిన తోర్గెర్ద్ అనే ఆవిడ అలా నడిచి నేల తీసుకుందని పుస్తకం చెబుతుంది. ఎక్కడినుంచి ఎక్కడికో కూడా చెబుతుంది. చెప్పి రెండు వాక్యాల్లో ముగిస్తుంది! ఇదీ నా ఫిర్యాదు. స్తంభాలు కొట్టుకుపోయిన దారంతా వర్ణించిన వాళ్ళకి, తాడు పట్టుకుని దినమంతా నడిచిన మనిషి గురించి రెండు వాక్యాలేనా? పెయ్య ఎక్కడ మేతకి ఆగింది? సాయంత్రానికి ఆవిడ కాళ్ళు ఎలా ఉన్నాయి? మన గృహప్రవేశంలో ముందు ఆవు నడుస్తుంది, వెనక మనం. ఆ కథకీ మనకీ చుట్టరికం కలపబోవడం లేదు గానీ, ఆ నడక ఊహించుకోవడం నాకు కష్టం కాలేదు.

ఒక్క ఔద్ విషయంలో మాత్రం పుస్తకం పిసినారితనం చూపలేదు. డబ్లిన్ రాజు భార్య. భర్త పోయాడు, కొడుకు స్కాట్లండులో పోయాడు. ఒకరికీ తెలియకుండా అడవిలో ఓడ కట్టించి, మనవరాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. నేల తీసుకుని తనవాళ్ళకి పంచింది, బానిసత్వం నుంచి విడిచిపెట్టిన వాళ్ళక్కూడా ఇచ్చింది. ఆవిడ క్రైస్తవురాలు. కొన్ని గుట్టల మీద శిలువలు నిలబెట్టి అక్కడ ప్రార్థించుకునేది. చివరికి ఏ గుడీ పావనం చెయ్యని నేలలో పడుకోవడం ఇష్టంలేక, అలలు వచ్చిపోయే ఒడ్డున పూడ్చమంది. ఆవిడ పోయాక మనవలూ మునిమనవలూ మళ్ళీ పాత దేవుళ్ళకే మొక్కారు. కానీ ఎక్కడ? ఆవిడ శిలువలు పెట్టిన గుట్టల మీదే! దేవుడు మారాడు గానీ నాయనమ్మ చూపించిన చోటు మారలేదు.

2000, 2001 సంవత్సరాల్లో వచ్చిన జన్యు పరిశోధనల ప్రకారం, తొలి కాపురస్థుల్లో మగవాళ్ళు ఎక్కువమంది నార్వే వైపు వాళ్ళు, ఆడవాళ్ళు సగానికి పైగా ఐర్లండు, స్కాట్లండు వైపు వాళ్ళు. వాళ్ళలో ఎందరు ఇష్టపడి వచ్చారో, ఎందరిని కట్టి తెచ్చారో! నాన్నగారి స్తంభాలు ఏ ఒడ్డుకి చేరాయో రాసి ఉంది. అమ్మ పుట్టింటి దేవుడు ఏ ఒడ్డున దిగాడో రాసి లేదు. అయినా పొయ్యి ముట్టించింది ఆవిడే కదా!

ఇంకో కథ చెప్పి ఆపేస్తాను. కోద్రాన్ అనే రైతు ఇంటి దగ్గర ఒక బండ. అందులో ఆ ఇంటి కాపలావాడు ఉండేవాడు. రాబోయే ఆపదలు చెప్పేవాడు, పశువుల్ని చూసేవాడు. 980 తర్వాత కోద్రాన్ కొడుకు ఒక జర్మన్ బిషప్పుని ఇంటికి తెచ్చాడు. ఆయన మూడు రోజులు ఆ బండ మీద మంత్రజలం పోశాడు. రాత్రిళ్ళు కాపలావాడు రైతు కలలోకి వచ్చి మొరపెట్టుకున్నాడు. మీ అతిథి మామీద మరిగే నీళ్ళు పోస్తున్నాడు, నా పిల్లలు ఒళ్ళు కాలి ఏడుస్తున్నారు అని. మూడోనాటికి చిరిగిన తోలు కప్పుకుని వెళ్ళిపోయాడు. రాసినవాళ్ళు క్రైస్తవులు, బిషప్పు గెలుపు చెప్పడానికే రాశారు. కానీ ఆ పిల్లల ఏడుపు ఎవరు రాయమన్నారు? గెలిచినవాడి కలంలోంచి కూడా జాలి ఇలా కారిపోతుందే, అందుకే నాకు పాత పుస్తకాలంటే ఇష్టం.

డెన్మార్కు, నార్వే పల్లెల్లో తర్వాతి కాలంలో ఇదే కాపలావాడు ఎర్రటోపీ మరుగుజ్జుగా మారాడు. నిస్సె అంటారు. పండక్కి వెన్న వేసిన జావ పెట్టకపోతే అల్లరి చేస్తాడు. వాడి బాధ పడలేక ఒక రైతు సామానంతా బండికెత్తుకుని ఇల్లు మారిపోతున్నాడట. చివరి బండిలో తొట్టిలోంచి టోపీ పైకి లేచింది. ఏమండీ, ఇవాళ మనం ఇల్లు మారుతున్నామా అని పలకరించాడట నిస్సె.

ఇది మావారికి చదివి వినిపించాను. "చూశారా, నేను ఒళ్ళో పెట్టుకు తెచ్చినా, లారీలో వేసినా వచ్చేవాడు ఎలాగూ వస్తాడు" అన్నాను. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. కానీ పుస్తకం నన్నడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. కొత్తింటి గోడకి మేకు కొట్టేముందు వాస్తు చూపించాం, ముహూర్తం అడిగాం, పాలు పొంగించాం. ఈ ఇంటికి ఇటుకలు మోసినవాళ్ళని మాత్రం, మీరెవరమ్మా, ఇప్పుడెక్కడుంటున్నారు అని ఒక్కసారైనా అడిగామా?