డాన్యూబు ఒడ్డున విన్న కథలు

సరిహద్దు నగరాలను గురించి వ్రాసేవారు సాధారణంగా వంతెనతో మొదలుపెడతారు. బల్గేరియాలోని రూసే నగరానికి వంతెన లేకపోలేదు. 1954లో డాన్యూబు మీద కట్టిన ఆ రెండంతస్తుల వంతెన దాటితే రుమేనియాలోని జుర్జు పట్టణం. 2013 దాకా ఆ రెండు దేశాల నడుమ నదిపై ఉన్న వంతెన అదొక్కటే. 2025 జనవరి నుండి అక్కడ మామూలుగా సాగే పాసుపోర్టు తనిఖీ కూడా తొలగిపోయింది. యాత్రికునికి ఇంతటితో సరిపోవచ్చును గాని, ఈ నగరానికి సాహిత్యంలో స్థానం కల్పించినది వంతెన లేని నాటి బాల్యస్మృతి.

1905లో అక్కడ జన్మించిన ఎలియాస్ కనెట్టి 1977లో జర్మన్ భాషలో వెలువరించిన స్వీయచరిత్రలో నది అడ్డుగోడ కాదు, బాట. ఊరివారెవరైనా ఎగువనున్న వియన్నాకు పడవ మీద పోతే యూరపుకు పోయినట్లే లెక్క! ఇంట వినిపించేది 1492లో స్పెయిను నుండి వెడలగొట్టబడిన యూదుల స్పానిష్. తల్లిదండ్రులు తమలో తాము మాట్లాడుకొనేది జర్మన్. అది పిల్లలకు అందని రహస్యం. వీథిలో తురుష్కం, గ్రీకు, ఆర్మీనియన్, రుమేనియన్.

ఈ గ్రంథంలో నన్ను పట్టి నిలిపిన ఘట్టం వేరొకటి. ఇంట పనిచేసే పల్లెపిల్లలు సందెచీకటిలో బల్గేరియన్‌లో చెప్పిన తోడేళ్ల కథలు, రక్తపిశాచాల కథలు ఆయనకు తరువాత జ్ఞాపకం ఉన్నది జర్మన్‌లో. బల్గేరియన్ పూర్తిగా మరచిపోయాడు. జర్మన్ నేర్చినదేమో ఎనిమిదేళ్ల వయసులో, లొసాన్‌లో, తల్లి వద్ద. ఆ అనువాదం ఎప్పుడు, ఎట్లా జరిగిందో ఆయనకే తెలియదు. పదాల కోసం నిఘంటువులు తిరగవేసే నాబోటి వానికి ఇది అసూయ కలిగించే సంగతి. బరంపురంలో ఒడియా విని, హోసూరులో తమిళం విని తెలుగులో వ్రాసే మన రచయితలకు ఇది కొత్త కాదు. అయితే మనం దానిని అనువాదమని ఒప్పుకోము.

ఒక కొరత చెప్పక తప్పదు. 1911లో, ఆరేళ్లకే ఊరు విడిచిన బాలుని చెవికి భాషలన్నీ సరిసమానంగానే సోకినవి. ఏ భాష పని చెప్పేదో, ఏ భాష పని చేసేదో ఆ చెవి పట్టుకోలేదు. కథలు చెప్పిన ఆ పిల్లలు తమ యజమానుల భాషను గురించి ఏమనుకొన్నారో మనకు వినిపించదు.

నేను చదివినది ఆంగ్లానువాదం. బల్గేరియన్ నుండి జర్మన్‌కు, అక్కడినుండి ఆంగ్లానికి నడచి వచ్చిన ఆ తోడేళ్లను తెలుగులోనికి దింపబోయి మూడు పుటల వద్ద ఆగిపోయాను. జర్మన్ తెలిసిన మిత్రుని పక్కన కూర్చోబెట్టుకొని మళ్లీ మొదలుపెట్టాలి.