ప్రశ్నార్థకం ఎవరి కోసం?

మా ఇంట్లో పొద్దున్నే పేపరు రెండు ముక్కలవుతుంది. ఢిల్లీ, హైదరాబాదు, అమెరికా ఉన్న పెద్ద ముక్క మావారిది. మధ్యలో మడిచిపెట్టి ఇచ్చే జిల్లా ముక్క నాది. ఆయన ప్రపంచాన్ని చక్కదిద్దుతూ కాఫీ చల్లారబెట్టుకునేలోగా, నేను ఏ వార్డుకి ఏ వేళ కుళాయి వదుల్తారో, కరెంటు ఎన్నింటికి తీసేస్తారో, ఎవరింట్లో పెద్దకర్మో చదివేసుకుని లేస్తాను. "అదీ ఒక పేపరేనా!" అని ఆయన వెక్కిరింత. ఆ పూట నీళ్ళెన్నింటికొస్తాయో ఆ ఢిల్లీ పేజీలో వెతికి చెప్పమనండి, చూద్దాం!

వెక్కిరింతకేం గాని, ఈ చిన్న పేపరు చేసిన మేలు చిన్నది కాదు. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. ఆ తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. అంతకుముందు పేపర్లో పేరు పడాలంటే మంత్రిగారో సినిమాతారో అయి ఉండాలి. ఆ తర్వాత మన వీధి మురిక్కాలవకీ, మన బడి పైకప్పుకీ కూడా అచ్చులో చోటు దొరికింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మీద తిరగబడితే, ఆ కబురు ఊరూరా పాకడంలో తెలుగు పత్రికల పాలు ఎంతో ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చిందంటే అందులో ఆ అచ్చు అక్షరాల బలమూ కలిసి ఉంది. అంచేత నేనిప్పుడు చెప్పబోయేది గిట్టనివాళ్ళ మాట కాదు. రోజూ చదివే మనిషి గోడు.

మా జాకెట్లు కుట్టే ఆవిడకి డిగ్రీ చదివే కూతురుంది. ఒక రాత్రి ఆ పిల్ల వాంతులు చేసుకుని స్పృహ తప్పితే పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మర్నాడు చిన్న పేపర్లో నాలుగో పేజీలో వార్త. "విద్యార్థిని ఆత్మహత్యాయత్నం? ప్రేమ వ్యవహారమే కారణమా?" అని పెద్దక్షరాలతో శీర్షిక. పిల్ల పేరు రాయలేదండోయ్! మర్యాద పాటించారు. రామాలయం వెనక వీధి అన్నారు. తల్లి దర్జీ పని చేస్తుందన్నారు. తండ్రి బస్సు డిపోలో మెకానిక్కన్నారు. ఏ కాలేజీయో, ఎన్నో సంవత్సరమో చెప్పారు. ఆ వీధికంతటికీ దర్జీ పని చేసే ఆవిడ ఒక్కతే. పది గంటలకల్లా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. తెలియనివాళ్ళకి ఫోన్లో ఫొటో తీసి పంపించారు.

ఇంతకీ ఆ పిల్లకి వచ్చింది షుగరు. పంతొమ్మిదేళ్ళ పిల్లకి షుగరేమిటని ఎవరికీ అనుమానం రాలేదు. రక్తపరీక్షలయ్యాక డాక్టరుగారు చెప్పారు. ఈలోగా ఆసుపత్రి అవుట్‌పోస్టులో రాసుకున్న ఒక అనుమానపు ముక్క పేపర్లోకి నడిచి వచ్చేసింది. దారిలో ప్రేమ వ్యవహారం ఎక్కడ కలిసిందో ఆ దేవుడికే తెలియాలి.

వారం తిరక్కుండా ఆవిడ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. శీర్షిక చివర వేలు పెట్టి, "అమ్మగారూ, ఈ కొక్కెం లాంటి గుర్తేమిటండీ?" అంది.

"అది ప్రశ్న వేసినట్టు గుర్తు."

"ఎవర్ని వేశారండీ ప్రశ్న? మమ్మల్ని వచ్చి అడగలేదే!"

నా దగ్గర జవాబు లేదు. అప్పటినించీ జిల్లా పేజీ తిరగేస్తున్నప్పుడల్లా నా చూపు ఆ కొక్కెం మీదే పడుతోంది. ప్రశ్నార్థకం పెడితే అబద్ధం ఆడినట్టు కాదని కాబోలు వాళ్ళ ధీమా. చదివేవాళ్ళు మాత్రం దాన్ని జవాబుగానే చదువుకుంటారు. దానికి తోబుట్టువులు కూడా ఉన్నాయి. "అని స్థానికులు అనుకుంటున్నారు", "అని తెలిసింది", "అని భోగట్టా". ఎవరా స్థానికులు? ఎవరికి తెలిసింది? ఇద్దరు మనుషులు టీకొట్టు దగ్గర అనుకున్నది కూడా స్థానికులు అనుకున్నట్టేగా!

ఇక ఆడదాని సంగతికొస్తే ఆ పేజీ భాషే వేరు. మోసం మగవాడు చేస్తే 'నిందితుడు'. ఆడది చేస్తే 'కిలాడీ లేడీ'. ఇన్నేళ్ళలో ఒక్క 'కిలాడీ జెంటిల్‌మన్' నా కంటపడలేదు. ఇల్లు వదిలిపోయిన మగవాణ్ణి 'ఇద్దరు పిల్లల తండ్రి' అని శీర్షికలో ఎప్పుడైనా రాశారా? ఆడదైతే పిల్లల్ని లెక్కపెట్టి మరీ రాస్తారు. పెళ్ళయినవాళ్ళ పరాయి సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. అది మంచో చెడో తర్వాత మాట్లాడుకోవచ్చు గాని, మన జిల్లా పేజీల్లో మాత్రం ఇప్పటికీ అది 'అక్రమ సంబంధ'మే. కోర్టు కొట్టేసిన నేరానికి పేపర్లు శిక్ష వేస్తూంటాయన్నమాట.

చట్టాలు లేక కాదు. అత్యాచారానికి గురైన ఆడపిల్ల పేరు అచ్చువేస్తే రెండేళ్ళ దాకా జైలని 1983లోనే శిక్షాస్మృతిలో చేర్చారు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షను. అందులో గమనించవలసిన మాట ఒకటుంది. పేరే కాదు, ఆమె ఎవరో తెలిసిపోయే సంగతి ఏదీ రాయకూడదు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ మాటనే విడమర్చి చెప్పింది. ఒకచోట పేరు రాయకుండా, ఆ పిల్ల ఫలానా రాష్ట్రంలో పరీక్షల్లో మొదటి స్థానం తెచ్చుకుందని రాశారట. అంతకన్నా ఆనవాలు ఇంకేం కావాలి? అయినా మరుసటి ఏడు నవంబరులో హైదరాబాదు శివార్లలో వెటర్నరీ డాక్టర్ని చంపేసినప్పుడు ఆవిడ పేరూ ఫొటో దేశమంతా తిరిగేశాయి. ఆ తర్వాత గాని 'దిశ' అనండని పోలీసులు చెప్పలేదు.

మా దర్జీ ఆవిడ కూతురికి ఆ సెక్షను వర్తించకపోవచ్చు. కాని నీతి అదే గదా! ఆత్మహత్యల వార్తలు ప్రముఖంగా వెయ్యకూడదనీ, శీర్షికల్లో సంచలనం చెయ్యకూడదనీ ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అచ్చువేసే ముందు నిజానిజాలు విచారించాలనీ, తప్పయితే అందరికీ కనబడేట్టు వెంటనే సవరణ వెయ్యాలనీ అంతకు ముందే నియమాలు రాసిపెట్టింది. అయితే కౌన్సిలు చేతిలో బెత్తం లేదు. మందలించగలదు, అభిశంసించగలదు, అంతే.

పైగా ఈ నియమాలు పెద్ద పేపరుకన్నా చిన్న పేపరుకే ఎక్కువ పట్టాలని నాకనిపిస్తుంది. రాష్ట్రం పేజీలో 'గోదావరి జిల్లా యువతి' అంటే ఎవరికీ ఆనవాలు దొరకదు. జిల్లా పేజీలో వీధి పేరు, వృత్తి పేరు చెబితే చాలు, గుమ్మం చూపించినట్టే. దాన్ని చదివేవాళ్ళే రేపు ఆ పిల్ల పక్కన బస్సులో కూర్చుంటారు. వాళ్ళలోనే ఒకరు సంబంధం చూడ్డానికి వస్తారు.

మా వీధి చివర ఒక కంట్రిబ్యూటరు కుర్రాడున్నాడు. ఈ వార్త అతను పంపిందే. పిలిచి కూర్చోబెట్టి అడిగేశాను. అతను తలొంచుకుని, "పిన్నిగారూ, నేను 'అస్వస్థత, ఆసుపత్రిలో చేరిక' అనే పంపాను. స్థానికులు ఏదో అనుకుంటున్నారని చివర ఒక వాక్యం రాశాను. హెడ్డింగు డెస్కులో పెట్టారు" అన్నాడు. అబద్ధం కాకపోవచ్చు. శీర్షిక పెట్టిన ఆయన మా వీధి చూసి ఉండడు. మా వీధి చూసిన కుర్రాడు శీర్షిక పొద్దున్నే మనతోపాటే చూశాడు. ఇద్దరి మధ్యా ఒక్క ఫోను నడిచినా సరిపోయేది.

ఆ కుర్రాడి బాధలూ ఉన్నాయి. జీతం లేదు. అచ్చయిన వార్త కొలిచి ఇన్ని డబ్బులని లెక్క. ఎంత పొడుగు రాస్తే అంత ఆదాయం. పండగలకి శుభాకాంక్షల ప్రకటనలు తేవలసిందీ అతనే. ప్రకటన ఇచ్చే పెద్దమనిషి గురించి ప్రశ్నార్థకం పెట్టి రాసే ధైర్యం అతనికి ఎక్కణ్ణించి వస్తుంది? దర్జీ ఆవిడ ప్రకటన ఇవ్వదు. అంచేత ఆవిడ గుమ్మం తలుపుల్లేని గుమ్మం. ఇది ఆ కుర్రాడొక్కడి తప్పు కాదు. జీతం ఇవ్వకుండా నీతి అడిగే యాజమాన్యాలది అంతకన్నా పెద్ద తప్పు.

మరి మన సంగతో? చెప్పుకోడానికి సిగ్గేస్తోంది గాని, ఆ పొద్దున ఆ వార్త మొదట చదివిందాన్ని నేనే. కుళాయి వేళకన్నా ముందు చదివాను. చదివి, పక్కింటి వదినగారిని పిలిచి, "చూశారా!" అన్నాను. మనం 'చూశారా' అనుకుంటామనేగా వాళ్ళు అలా వేస్తారు! పేపరు వాళ్ళని కడిగేటప్పుడు ఆ నీళ్ళు కాసిని మన మీదా పడాలి.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఎవరి గురించి రాస్తున్నారో వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి ఒక్క మాట అడగమంటున్నాను. పేరు దాచేటప్పుడు వీధినీ దాచమంటున్నాను. తప్పు పడితే, ఏ పేజీలో ఏ సైజులో పడిందో, అదే పేజీలో అదే సైజులో దిద్దుకోమంటున్నాను.

మా దర్జీ ఆవిడ విషయంలోనూ సవరణ వేశారు. పదో రోజున, సినిమా ప్రకటన కింద, మూడు లైన్లు. మొన్న జాకెట్లు తెచ్చుకోడానికి వెళితే చూపించింది. ఆవిడ పాత పేపర్లు కత్తిరించి కొలతలు తీసుకుంటుంది గాని, ఆ రెండు మాత్రం కత్తెర తగలకుండా మిషను సొరుగులో దాచుకుంది. "రేపు సంబంధం వాళ్ళెవరైనా అడిగితే రెండూ చూపించాలి కదండీ" అంది. సవరణ ముక్క అగ్గిపెట్టెంత కూడా లేదు. సొరుగు తీసినప్పుడల్లా ఎక్కడో జారిపోతోందని, దాన్ని పెద్ద కాగితానికి గుండుసూదితో గుచ్చి పెట్టింది.