పేరొకటే, నాదం వేరు

మదీనత్ అల్ షమాల్‌లో మా అమ్మాయి ఇంట ఉండగా, ఒక ఉత్సవ సాయంకాలం తంబూర కచేరీ విన్నాను. మన తంబురావలె శ్రుతికే పరిమితమైన వాద్యమనుకొని పొరబడ్డాను. ఇది హార్పుకు దగ్గరి చుట్టం. ఆరు తీగలతో పాటను తానే నడిపిస్తుంది. మేకగిట్టలు కుట్టిన ‘మంజూర్’ను నడుముకు కట్టుకొని ఒకరు కదులుతుంటే ఆ గలగలే తాళమైంది.

చిన్న పలుకునే మళ్ళీ మళ్ళీ వాయించడం మొదట విసుగు పుట్టించినా, క్రమంగా జపంలా మనసును పట్టింది. అయితే డోళ్ల మోతలో తీగల నాదం పలుమార్లు మరుగున పడింది. అంతకంటె పెద్ద లోపం, వాద్యం కథను వేదికపై ఎవరూ చెప్పకపోవడం. ఆఫ్రికా నుండి బానిసలుగా గల్ఫుకు తరలింపబడినవారు దీనిని వెంట తెచ్చారు.

మా పెద్దలు బానిసలు కారు, ఒప్పంద కూలీలు. 1860లో మద్రాసు నుండి నాటాలుకు మొదటి ఓడ ‘ట్రూరో’ చేరిన తరువాత, అదే దారిన వెళ్ళినవారు. వారి పాటలలో మా ఇంట మిగిలినవి కొన్నే. తెలుగును నేను సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నాను. కనుక పిల్లలారా, పాట విని ఊరుకోకండి. అది ఎవరి వెంట, ఏ ఓడలో వచ్చిందో అడగండి.