మహల్లా సేవ: దానమా? సంఘటనమా?

రమజాను చివరి పదిరోజులు వచ్చేసరికి విజయవాడ ఆటోనగర్ చుట్టుపక్కల పేటల్లో బియ్యం, నూనె, సేమియా సంచుల పంపకం మొదలవుతుంది. ఇచ్చేవారి చిత్తశుద్ధిని శంకించవలసిన పనిలేదు. ఫిత్రా విధి, పండుగ నమాజుకు ముందే దానిని చేర్చడమూ విధి. కాని సంచి చేతికందగానే పేదవాని పట్ల జమాఅతు బాధ్యత తీరిపోయిందనుకునే ధోరణి ఒకటి పాతుకుపోయింది. విమర్శించవలసింది దానిని.

ఆటోనగర్ దానంతో వెలసింది కాదు. 1960లలో నగర వీధుల పక్కన లారీల కింద దూరి పనిచేసుకునే మెకానిక్కులు ఆటోమొబైల్ టెక్నీషియన్స్ అసోసియేషన్‌గా కూడి, తమకొక స్థలం కావాలని అడిగి సాధించుకున్నారు. అది జవహర్ ఆటోనగర్ అయింది. గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదులలోనూ అలాంటి పేటలకు ఆ పేరే స్థిరపడింది. షెడ్డు సంపాదించుకున్న మేస్త్రీ నిలదొక్కుకున్నాడు. అతని కింద టింకరింగు, వెల్డింగు, పెయింటింగు పనులు చేసే హెల్పరు సంగతి వేరు. పదిమంది కంటే తక్కువ పనివారున్న షెడ్డుకు ఇ.ఎస్.ఐ. సాధారణంగా వర్తించదు. వెల్డింగు నిప్పురవ్వ కంట్లో పడితే ఆ రోజు కూలి పోతుంది, వైద్యానికి అప్పూ పుడుతుంది. అలాంటివాడికి ఏడాదికొకసారి అందే సంచి ఎన్నాళ్లు వస్తుంది?

యాచన తగదని చెప్పడానికి ఖతీబులు తరచుగా ప్రస్తావించే హదీసు ఒకటి అబూదావూద్ గ్రంథంలో ఉంది. ఒక అన్సారీ సహాయం కోరి వచ్చినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) అతని ఇంటిలోని దుప్పటిని, పాత్రను తెప్పించి వేలం వేశారు. రెండు దిర్హములు వచ్చాయి. ఒకదానితో ఇంటికి తిండి, మరొకదానితో గొడ్డలి కొనమన్నారు. అతడు కట్టెలు కొట్టి అమ్ముకుని పది దిర్హములు సంపాదించాడు. ఖుత్బాలలో ఇంతవరకే వినిపించి, ‘కష్టపడి బ్రతకండి’ అని పేదవానికి బుద్ధి చెప్పడంతో ప్రసంగం ముగుస్తుంది. అయితే ఆ గొడ్డలికి కర్ర బిగించింది ఎవరు? స్వయంగా దైవప్రవక్తే. వేలం జరిగింది సహచరుల సమక్షంలో. కొన్నది వారిలో ఒకరు. పదిహేను రోజులు గడువు పెట్టి, తర్వాత ఫలితమేమిటో చూచారు. అంటే పేదవాని శ్రమ వెనుక ఒక జమాఅతు, ఒక గడువు, ఒక లెక్క ఉన్నాయి. ఈ భాగాన్ని వదిలి హదీసును వినిపించడం సగం వినిపించడమే.

జకాతు విషయంలోనూ ఇదే జరుగుతున్నది. తౌబా సూరా 60వ ఆయతు ఎనిమిది పద్దులను పేర్కొంటుంది. నిరుపేదలు, అగత్యపరుల తర్వాత మూడవ పద్దు జకాతు వసూలు, పంపిణీలకు నియమితులైన వారిది. ఏర్పాటు లేని జకాతును ఖుర్ఆన్ ఊహించలేదనడానికి ఇంతకంటే నిదర్శనమేమి కావాలి? ఆరవ పద్దు రుణగ్రస్తులది. విజయవాడలో ఈ పద్దును మరచిపోవడం చిన్న పొరపాటు కాదు. 2015 డిసెంబరులో ‘కాల్ మనీ’ వ్యవహారం బయటపడింది ఈ నగరంలోనే. ఫోను చేసిన మరుక్షణం తిరిగి కట్టాలన్న షరతుతో అప్పులిచ్చి, అడ్డూ ఆపూలేని వడ్డీ గుంజి, తీర్చలేని స్త్రీలను లైంగికంగా వేధించారన్న ఫిర్యాదులపై పోలీసులు కేసులు పెట్టారు. రిబా హరామని ఖుత్బాలో వినే శ్రోతకు అది హరామని ముందే తెలుసు. ఆస్పత్రి బిల్లు కట్టవలసిన రోజున వడ్డీలేని అప్పు ఎక్కడ దొరుకుతుందన్నది అతని ప్రశ్న.

దీనికి సమాధానం తెలుగు గడ్డ మీదనే ఉండేది. హైదరాబాదులో వడ్డీలేని పరస్పర సహాయ సంఘాలు చాలాకాలం క్రితమే పనిచేశాయని అదే నగరంలో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1955లో ప్రకటించిన వ్యాసంలో వివరించారు. సభ్యులు కూడబెట్టిన చిన్న మొత్తాలే వాటి మూలధనం. రుణగ్రహీత కూడా సభ్యుడే గనుక అప్పు తీసుకున్నందుకు తలవంచుకోవలసిన అవసరం లేదు.

పాశ్చాత్య దేశాలలో ఈ పనికి ఒక శాస్త్రమే పుట్టింది. 1939లో చికాగో కబేళా కార్మికుల పేటలో సాల్ అలిన్‌స్కీ కాథలిక్ చర్చిలను, కార్మిక సంఘాలను ఒక వేదికపైకి తెచ్చాడు. ప్రజలు తమంతట తాము చేసుకోగల పనిని వారి తరఫున మరొకరు చేయరాదన్నది ఆ సంప్రదాయంలో ఉక్కు నియమం. అదే నగరపు దక్షిణ భాగంలో 1990లలో ముస్లిములు ఇన్నర్ సిటీ ముస్లిం యాక్షన్ నెట్‌వర్క్‌ను స్థాపించారు. ఆ నియమం స్వీకరించదగినదే. కాని అలిన్‌స్కీ పద్ధతికి కేంద్రం స్వప్రయోజనం, బలం. ఎదుట ఒక ప్రత్యర్థి లేకపోతే అది ముందుకు నడవదు. హిల్ఫుల్ ఫుజూల్ ఒడంబడిక మార్గం వేరు. మక్కా ప్రముఖుడొకడు సరుకు తీసుకుని వెల ఎగ్గొట్టినప్పుడు, ఆ జబీద్ వర్తకుని పక్షాన కొందరు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట ప్రమాణం చేశారు. అన్యాయానికి గురైనవాడు బయటివాడు. అతని వల్ల వారికి ఒరిగేదేమీ లేదు. ప్రవక్త పదవికి ముందు అందులో పాల్గొన్న దైవప్రవక్త, ఇస్లాం వచ్చిన తర్వాత పిలిచినా స్పందిస్తానన్నారు. కనుక కలగలుపు బస్తీలో మస్జిదు కమిటీ మురుగుకాల్వ కోసం అర్జీ పెడితే, అందులో పక్కింటి హిందువు, ఎదురింటి క్రైస్తవుడు కూడా సంతకం చేయవలసినవారే. 2018లో హైదరాబాదు ఎన్.ఎస్. కుంటలోని మస్జిద్-ఎ-ఇస్హాఖ్‌లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ తెరిచిన ఆరోగ్య కేంద్రం అన్ని మతాలవారికీ వైద్యం చేసింది. అది సేవే గాని సంఘటనం కాదనవచ్చు. అయినా మస్జిదు గడప ఎవరి కోసమన్న ప్రశ్నకు అక్కడ సమాధానం దొరికింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగినప్పుడు అన్నం పొట్లాలకు, నీళ్ల సీసాలకు విశ్వాసులెవరూ వెనుదీయలేదు. అసలు అవసరం నీరు తీసిన తర్వాత వచ్చింది. మునిగిన ఇళ్లలో కింది అంతస్తుకు 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 ప్రభుత్వం ప్రకటించింది. జాబితాలో పేరు లేనివారు కలెక్టరేటు చుట్టూ తిరిగారు. అద్దెకున్నవాని దగ్గర ఇంటి కాగితం ఉండదు. ఏ గదిలో ఎవరున్నారో వీధివారికి తెలుసు. ఆ తెలిసినదానిని వీధివారే కూర్చుని ముందుగా రాసి ఉంచితే, అధికారి ముందు ఒక్కొక్కడూ విడిగా మొరపెట్టుకోవలసి వచ్చేది కాదు. రోజుకు ఐదుసార్లు వరుస తీర్చి నిలబడే జమాఅతుకు ఇది మించిన పని కాదు.

ఇక్కడ ఒక చిక్కును దాచకూడదు. మస్జిదును ఆధారం చేసుకున్న ఏ సంఘటనమైనా మొదట మగవారిదే అవుతుంది. కాల్ మనీ బాధితులలో స్త్రీలెందరో ఉన్నారు. ఇంటి ఖర్చుకు, పిల్లల ఫీజుకు అప్పు తెచ్చేదీ, వసూలుకు వచ్చినవాడికి గుమ్మంలో నిలబడి సమాధానం చెప్పుకునేదీ చాలా ఇళ్లలో ఆమెయే. ఇషా తర్వాత కమిటీ కూర్చుని రుణగ్రస్తుల జాబితా రాస్తున్న వేళ ఆమె అక్కడ ఉండదు. ఆమె అప్పు సంగతి భర్తకు సైతం తెలియకపోవచ్చు.